మూడు మంగళవారాలు, పదో నంబర్ చీటీ: బిగ్ బ్యాంగ్ థియరీ ఆగిపోయే ముందు

2018 ఆగస్టు 22, బుధవారం. ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని కూర్చున్నప్పుడు ఫోన్‌లో వార్త కనిపించింది. సైంటిస్టు స్నేహితుల మీద తీసిన అమెరికన్ టీవీ కామెడీ బిగ్ బ్యాంగ్ థియరీ 12వ సీజన్‌తో ఆగిపోతోందట. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

2011లో అమీర్‌పేట హాస్టల్లో ఆరుగురం ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి చూసిన షో అది. సగం మాటలు అర్థమయ్యేవి కావు, వెనక్కి తిప్పి తిప్పి వినేవాళ్లం. అమెరికాకు ఎంఎస్‌కి వచ్చిన మొదటి ఏడాది, మాట్లాడే మనిషి లేని సాయంత్రాల్లో టీవీలో ఆ నవ్వులు వినపడుతుంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టుండేది. ఆగిపోయేలోపు ఒక్కసారైనా షూటింగ్ కళ్లారా చూడాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మేముండేది కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో. షూటింగ్ జరిగేది బర్బాంక్‌లోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో, స్టేజ్ 25లో. యాభై మైళ్లు. జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీసేవారు, టికెట్‌కు పైసా తీసుకునేవారు కాదు. ఇంత దగ్గర్లో ఇన్నేళ్లు ఉండి కూడా ఎప్పుడూ వెళ్లలేదు. ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ముందు టికెట్ల సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోయేవారు. షూటింగ్ మంగళవారాల్లో. దానికి దాదాపు నెల ముందు ఆన్‌లైన్‌లో టికెట్లు పెట్టేవారు. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఐదుసార్లు ప్రయత్నించాను. తత్కాల్ టికెట్ కోసం ఐఆర్‌సీటీసీ ముందు కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నిమిషం తిరిగేలోపు అయిపోయేవి. మూడోసారి పేరు, వయసు అన్నీ నింపి బటన్ నొక్కాక ఖాళీల్లేవని వచ్చింది. ఆ రాత్రి నిజంగా ఏడ్చాను.

ఇక మిగిలింది స్టాండ్‌బై లైన్. టికెట్ ఉన్నవాళ్లందరూ లోపలికి వెళ్లాక సీట్లు మిగిలితే, బయట లైన్లో ఉన్నవాళ్లను వరసలో పిలిచేవారు. మిగలకపోతే ఇంటికే. ఇంకో సంగతి నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. రానివాళ్లుంటారని సీట్ల కంటే ఎక్కువే టికెట్లు ఇచ్చేవారట. అంటే చేతిలో టికెట్ ఉన్నంత మాత్రాన సీటు దొరికినట్టు కాదు, తొందరగా వెళ్లి నిలబడాల్సిందే.

మొదటిసారి నవంబర్‌లో ఒక్కదాన్నే వెళ్లాను. సెలవు పెట్టి పదకొండింటికి చేరితే అప్పటికే అరవై మందికి పైగా ఉన్నారు. ఒహాయో నుంచి వచ్చిన తండ్రీ కూతుళ్లు తెల్లవారుజామున నాలుగు నుంచి ఉన్నామన్నారు. నాకు 64వ నంబర్ చీటీ ఇచ్చారు. సాయంత్రం ఆరున్నర దాకా నిలబడ్డాను. మా వైపు ఎవరూ రాలేదు. తిరుగు ప్రయాణం ట్రాఫిక్‌లో రెండు గంటల పది నిమిషాలు.

డిసెంబర్ 9న మా అత్తయ్య మార్కాపురం నుంచి వచ్చారు. అసలు కథ అక్కడ మొదలైంది.

అత్తయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేవారు. 2016లో అరవై నిండి రిటైరయ్యారు. పగలంతా మేమిద్దరం ఆఫీసులకు పోతాం, ఆవిడకు తోడు టీవీ. సాయంత్రం ఏడింటికి పాత ఎపిసోడ్లు వేసేవారు. నేను టీ పెట్టుకొచ్చేసరికి ఆవిడ రిమోట్ పట్టుకుని సిద్ధంగా ఉండేవారు. ఇంగ్లిషు చదవగలరు గానీ ఆ యాసా, ఆ వేగం ఆవిడకు అందేవి కావు. అయినా చూసేవారు. నవ్వులొచ్చే చోట కాదు, వెనక తెల్ల బోర్డు కనిపించే చోట ముందుకు వంగేవారు.

"అమ్మాయ్, ఆ బోర్డు మీద రాసింది నిజమేనా, ఊరికే గీసిందా?" అని అడిగారొకరోజు.

వెతికి చూశాను. లాస్ ఏంజెలెస్‌లోనే యూసీఎల్ఏలో ఫిజిక్స్ ప్రొఫెసర్ డేవిడ్ సాల్ట్‌జ్‌బర్గ్ అని ఒకాయన ఈ షోకి సైన్స్ సలహాదారు. బోర్డుల మీద లెక్కలన్నీ ఆయన చూసి పెట్టిన అసలు లెక్కలే. ఆ మాట చెప్పాక ఆవిడకు ఆ షో మీద గౌరవం పెరిగిపోయింది. "చూసేవాళ్లలో వందకొకడు కూడా చదవడు. అయినా సరిగ్గా రాయిస్తున్నారు చూడు" అన్నారు. షోలో ముఖ్య పాత్ర షెల్డన్‌ని "పొడుగబ్బాయి" అనేవారు, అతని స్నేహితుడు రాజేశ్ కూత్రపల్లిని "మనవాడు" అనేవారు. ఆ వేషం వేసింది ఢిల్లీలో పెరిగిన కునాల్ నయ్యర్, తెలుగతను కాదని చెప్పినా పేరు చివర పల్లి ఉందిగా అని వదిలేవారు కాదు.

ఆగిపోతోందని చెప్పినప్పుడు మాత్రం ఆవిడకు కోపం వచ్చింది. "జనం చూడటం లేదా?" చూస్తున్నారు. "డబ్బులివ్వటం లేదా?" ఇస్తున్నారు. "మరి ఎందుకు?"

ఇదే ప్రశ్న నన్నూ తొలుస్తోంది కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. 2017లో ఒకేసారి రెండు సీజన్లకు ఒప్పందాలు కుదిరాయి, 11, 12. 2018 ఆగస్టు మొదట్లో కూడా ఇది ఆఖరిది కాకపోవచ్చు, ఇంకో సీజన్ మీద మాటలు నడుస్తున్నాయని షో వేసే సీబీఎస్ ఛానల్ వాళ్లే చెప్పారు. 2014 నుంచి ముఖ్య నటులు ముగ్గురికీ ఎపిసోడ్‌కు పది లక్షల డాలర్లు. మధ్యలో కొత్తగా చేరిన ఇద్దరు నటీమణుల పారితోషికం పెంచడానికి, మొదటి నుంచీ ఉన్న ఐదుగురూ ఎపిసోడ్‌కు తలా లక్ష డాలర్లు వదులుకున్నారు. కాబట్టి ఇది డబ్బు దగ్గర తెగిన తాడు కాదు. షెల్డన్ వేషం వేసిన జిమ్ పార్సన్స్ ఇక చాలనుకున్నాడు. నాలుగు ఎమ్మీ టీవీ అవార్డులు తెచ్చిపెట్టిన పాత్ర. కొట్లాట లేదు, కోపతాపాలు లేవు, ఈ పాత్రతో చేయగలిగినంతా చేసేశాం అన్నది అతని మాట. అతను లేకుండా మిగతావాళ్లతో లాగడం నిర్మాతలకు ఇష్టం లేకపోయింది. అలా ఒకరి నిర్ణయం అందరి నిర్ణయమైంది.

ఇదేం మొదటిసారి కూడా కాదు. 1998లో హాస్యనటుడు జెర్రీ సైన్‌ఫెల్డ్ తన పేరుతో నడిచిన షోని ఎపిసోడ్‌కు యాభై లక్షల డాలర్లిస్తామన్నా వద్దని తొమ్మిదో సీజన్‌తో ఆపేశాడని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి.

అత్తయ్యకు ఇవేవీ నచ్చలేదు. "నన్ను ఉండమని ఎవరన్నా అంటే ఇంకో రెండేళ్లు చెప్పేదాన్ని. అరవై నిండగానే శాలువా కప్పి పంపేశారు. ఇతన్ని ఉండు ఉండు అని బతిమాలుతుంటే వెళ్లిపోతానంటాడేం?" ఈ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు మారింది. రిటైరై మూడేళ్లవుతున్నా ఆ శాలువా గురించి ఆవిడ మా దగ్గర నోరెత్తడం అదే మొదలు.

రెండోసారి ఫిబ్రవరిలో. 2019లో ఆ నెలంతా ఇక్కడ వానలే. అత్తయ్యను ఇంట్లో వదిలి నేనూ, ఆఫీసులో స్నేహితురాలూ వెళ్లాం. ఉదయం ఏడుకే చేరాం. నంబర్లు 31, 32. గొడుగులు తిరగబడే గాలి, బూట్లలోకి నీళ్లు. సాయంత్రం వరస కదిలింది. ఒక్కొక్కరినే పిలుస్తూ వచ్చారు. 26, 27, 28. అక్కడ ఆగిపోయింది. నా ముందు ఇద్దరు. చీటీలు తీసుకున్న అమ్మాయి ఎంతో మర్యాదగా క్షమించమంది, ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక మూడు రోజులు జ్వరం.

ఇంక వద్దులే అన్నాడు మా ఆయన. అత్తయ్యే అన్నారు, "ఈసారి నేనూ వస్తా. తిరుమలలో పద్నాలుగు గంటలు కూర్చున్నదాన్ని, ఇదొక లెక్కా?"

మార్చిలో ఒక మంగళవారం రాత్రి రెండున్నరకు లేచాం. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ, పద్దెనిమిది డాలర్లు పెట్టి కొన్న మడత కుర్చీ. ఆ వేళప్పుడు ఫ్రీవే ఖాళీగా ఉంటుంది, గంటలోపే బర్బాంక్. నాలుగుంపావుకు చేరేసరికి ఎనిమిది మంది ఉన్నారు. మా తర్వాత అరగంటలో ఇంకో ఇరవై మంది.

చలికి ఆవిడకు నా కోటు కూడా కప్పాను. తెల్లారాక లైన్లో అందరూ పరిచయమైపోయారు. బ్రెజిల్ నుంచి వచ్చిన కొత్త జంట, నెవాడాలో నర్సుగా చేసే ఒకావిడ. మా పులిహోర ఆరుగురు తిన్నారు. నర్సు గారు మా కుర్చీ లైన్లోనే ఉంచి అత్తయ్యను బాత్రూమ్‌కు తీసుకెళ్లి తెచ్చారు. వయసైన వాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోండి, బాత్రూమ్ దూరం, లైన్ వదిలి ఇద్దరూ వెళ్లలేరు.

మధ్యాహ్నం చీటీలు ఇచ్చారు. 9, 10. అత్తయ్య 10 తీసుకున్నారు. రెండంగుళాల పసుపు కాగితం. దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగు చివర ముడేసుకున్నారు. చీటీ ఇచ్చాక కాసేపు అటూ ఇటూ తిరిగి రావచ్చు, కానీ ఆవిడ కదల్లేదు. ముడిని మాటిమాటికీ తడుముకుంటూ కూర్చున్నారు.

ఐదున్నర దాటాక పిలిచారు. ఫోన్లు లోపలికి తేకూడదు, కారులోనే పెట్టేశాం. తిండీ అంతే. చీటీ అడిగితే కొంగు ముడి విప్పడానికి ఆవిడ వేళ్లు వణికాయి, వెనక వాళ్లందరూ ఓపిగ్గా నిలబడ్డారు. ఆ అమ్మాయి నంబర్ చూసి టిక్కు పెట్టుకుని చీటీ తిరిగి ఆవిడకే ఇచ్చేసింది.

లోపల చలి బయటికంటే ఎక్కువ. శాలువా తప్పకుండా ఉంచుకోండి. మెట్లు మెట్లుగా ఉన్న సీట్లు, మేం పై నుంచి రెండో వరస. ఎదురుగా ఒకదాని పక్కన ఒకటి సెట్లు. మధ్యలో ఆ ఇల్లు. గోధుమ రంగు సోఫా, షెల్డన్ కూర్చునే మూల. టీవీలో అంత విశాలంగా కనిపించేది ఇక్కడ మన డబుల్ బెడ్రూమ్ హాలంత ఉంది. ఎనిమిదేళ్లుగా తెలిసిన ఇంట్లోకి మొదటిసారి అడుగు పెట్టినట్టయింది నాకు. పైన వరసగా మైకులు వేలాడుతున్నాయి, మా నవ్వుల కోసం. మీరు నవ్వింది టీవీలో వస్తుంది అని ముందే చెప్పారు. మధ్యమధ్య విసుగు పుట్టకుండా జనాన్ని కబుర్లతో నవ్వించడానికి మైకు పట్టుకుని ఒకాయన ఉంటాడు. అందరికంటే దూరం నుంచి ఎవరొచ్చారు అని ఆయన అడిగితే నేను అత్తయ్య చెయ్యి పట్టి పైకెత్తాను. "మార్కాపురం, ఇండియా" అని ఆవిడ క్లాసులో పలికినట్టు పలికారు. ఆయన మూడుసార్లు ప్రయత్నించి నాలుగోసారి సరిగ్గా అన్నాడు. హాలంతా చప్పట్లు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యమనిపించింది మెట్లు. ఆ భవనంలో లిఫ్టు పాడైపోయి ఉంటుంది కదా, పాత్రలన్నీ కబుర్లాడుకుంటూ నాలుగంతస్తులు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అక్కడున్నది ఒకే అంతస్తు. కింది నుంచి నాలుగు మెట్లు పైకొస్తాయి, పక్క నుంచి ఇంకో నాలుగు పైకి పోతాయి, అంతే. నటులు పై మెట్ల నుంచి దిగి కింది మెట్ల వైపు మాయమవుతారు. కట్ అనగానే నల్ల చొక్కాల వాళ్లు నలుగురు పరుగున వచ్చి తలుపు మీద నంబర్లు, గోడ మీద అతికించిన కాగితాలు మార్చేస్తారు. ఒకతను చేతికి టేపు చుట్ట గాజులా వేసుకుని ఉన్నాడు. ఎడం చేత్తో పాత కాగితం లాగి, కుడి చేత్తో కొత్తది అద్ది, వంగి కింద పడ్డ టేపు ముక్క ఏరుకుని, నేను పది లెక్కపెట్టేలోపు పక్కకు తప్పుకున్నాడు. అప్పటికి మూడో అంతస్తు రెండో అంతస్తయిపోయింది. పన్నెండేళ్లు ఆ ఒక్క అంతస్తు మీదే వాళ్లందరూ దిగుతూ వచ్చారన్నమాట.

ఆరున్నరకు మొదలై పది నలభైకి అయింది. ఇరవై నిమిషాల ఎపిసోడ్‌కు నాలుగు గంటలు. ఒక్కో సీనూ రెండుసార్లు, కొన్ని మూడుసార్లు. కొన్ని ముందే తీసి పెట్టినవి పైన టీవీల్లో వేసి చూపించారు. ఒక చోట మేం పెద్దగా నవ్వలేదు. వెంటనే రచయితలు ఆరేడుగురు కెమెరాల పక్కన గుంపుగా చేరారు, తలలు దగ్గర పెట్టి గుసగుసలు, ఒకామె కాగితం మీద ఏదో కొట్టేసి రాసింది, నటుడి దగ్గరికెళ్లి చెవిలో చెప్పింది. రెండు నిమిషాల్లో అదే సీను, మాట కొత్తది. హాలు ఘొల్లుమంది. అత్తయ్యకు మాట అర్థం కాలేదు, అయినా నవ్వారు. "ముందు చెప్పినట్టు చెప్తే క్లాసుకు ఎక్కలేదు. మార్చి చెప్పాడు" అన్నారు నా చెవిలో.

మూడో టేక్ దగ్గర నాకొకటి కొట్టొచ్చినట్టు కనపడింది. మాకు జోకు ముందే తెలుసు, వాళ్లకు మాకంటే బాగా తెలుసు. అయినా తలుపు తీసి లోపలికొచ్చే ప్రతిసారీ పార్సన్స్ ముఖంలో అది మొదటిసారి. అదే ఆశ్చర్యం, అదే అడుగు, తల అంతే వంపు. కట్ అన్నాక భుజాలు రెండూ కిందికి దిగేవి. టీవీలో ఆ భుజాలు ఎప్పుడూ దిగవు. దాదాపు 270 ఎపిసోడ్లు, ఒక్కో సీనుకు మూడు టేకులు. పన్నెండేళ్లు ఆ భుజాలు ఎత్తి పట్టుకోవడమంటే ఏమిటో ఆ సీట్లో కూర్చోకముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. చెప్పాల్సిందంతా అయిపోయిందన్న అతని మాట అప్పటిదాకా నాకు వార్త, అంతే.

చివర్లో అందరూ వరసగా నిలబడి దండం పెట్టారు, మేం లేచి నిలబడ్డాం. ఏడ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ.

ఫ్రీవే మీద పదకొండున్నరకు అత్తయ్య నిద్రపోయారనుకున్నాను. కళ్లు మూసుకునే అన్నారు. "పాఠం అయిపోయి, గంట కొట్టడానికి ఇంకా పదిహేను నిమిషాలుంటే ఆ పదిహేను నిమిషాలు ఎంత కష్టమో నీకు తెలీదమ్మాయ్. చెప్పిందే చెప్పాలి. పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు." కాసేపాగి, "అతనికి పాఠం అయిపోయింది. నాకు అవ్వలేదు. అంతే" అన్నారు. నేనేమీ అనలేకపోయాను. ఎడం చెయ్యి స్టీరింగ్ మీద ఉంచి కుడి చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఖర్చు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మూడు ట్రిప్పులకు పెట్రోలు 45 డాలర్లు, బయట పార్కింగ్ రెండుసార్లు కలిపి 24, కుర్చీ 18, తిండీ కాఫీలు 50 దాకా. మూడు సెలవులు. టికెట్ ఉచితమే. ఈ షో అయిపోయింది గానీ ఇలా జనం ముందు తీసే షోలు 2019లో అక్కడ ఇంకా ఉండేవి, వరస పద్ధతి దాదాపు ఇదే. టికెట్ లేకపోతే తెల్లవారుజామున ఐదులోపు వెళ్లండి, ఒక్కరే వెళ్లొద్దు.

ఆఖరి ఎపిసోడ్ షూటింగ్ ఏప్రిల్ 30న జరిగింది. దాని మీద మేం ఆశ పెట్టుకోలేదు. మే 16 గురువారం రాత్రి ఎనిమిదికి సీబీఎస్‌లో రెండు ఎపిసోడ్లు కలిపి వేశారు. మొత్తం 279. ఇలాగే జనం ముందు తీసిన పాత అమెరికన్ కామెడీ చీర్స్‌వి 275, దాన్నీ దాటింది. ఆ రాత్రి చూసినవాళ్లు కోటీ ఎనభై లక్షల మంది. ఆగిపోయే షో ఇలా ఉంటుందని ఎవరనుకుంటారు?

మా ఇంట్లో ముగ్గురం. షెల్డన్‌కీ అతని భార్యకీ ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిందనగానే అత్తయ్య చప్పట్లు కొట్టారు. పన్నెండేళ్లుగా పాడైన లిఫ్టు తలుపు తెరుచుకుని, అందులోంచి పొరుగింటి పెన్నీ నడిచి వచ్చేసరికి ఆవిడ సోఫాలోంచి లేచి నిలబడ్డారు. "బాగుచేశారే!" స్టాక్‌హోమ్‌లో షెల్డన్ రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, స్నేహితులను ఒక్కొక్కరినీ లేచి నిలబడమన్నప్పుడు మా ముగ్గురిలో ఎవరూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆఖరుకు అదే హాలు, అదే సోఫా, అందరూ డబ్బాల్లోంచి తింటూ. వెనక షో మొదట్లో వచ్చే ఆ పాట నెమ్మదిగా, ఒక్క గిటార్ మీద.

మర్నాడు శుక్రవారం. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడవుతోంది. అత్తయ్య టీ తానే పెట్టి రిమోట్ పట్టుకుని కూర్చున్నారు. పసుపు చీటీ పాస్‌పోర్ట్ కవర్‌లో దాచినట్టున్నారు, కవర్ టీపాయ్ మీదే ఉంది. టీవీలో ఏదో మొదటి సీజన్ ఎపిసోడ్ వస్తోంది. కుర్రాళ్లిద్దరూ ఏదో వాదించుకుంటూ మెట్లెక్కుతున్నారు, వెనక లిఫ్టుకు అడ్డంగా పట్టీలు.

"ఇందులో ఇంకా పాడయ్యే ఉందిలే" అని జరిగి నాకు చోటిచ్చారు.